మంచి కేసు

మా మామ కడుపు మీద చదువుకుని స్పెషలిస్టులైన డాక్టర్లు ఈ రాష్ట్రంలో చాలామంది ఉన్నారు. ఎగతాళికి అనడం లేదు, ఉన్నమాటే చెబుతున్నాను. మామ పేరు నరసింహులు. ఆళ్లగడ్డ పక్కన వరి, పసుపు పండించుకునే రైతు. నేను ఆయన కోడలిని. పేరు వినీత, ఆళ్లగడ్డలో ఒక ప్రైవేటు బడిలో సోషలు చెబుతాను. ఇంట్లో నన్ను టీచరమ్మ అంటారు. మామను మాత్రం నంద్యాలలో కేసు అంటారు, అదీ ఉత్త కేసు కాదు, మంచి కేసు. మా ఇద్దరి హోదాలకూ పోలికే లేదు.

కొన్నేళ్ల కిందట ఆయనకు కాళ్లు వాచి, కడుపు ఉబ్బి, కళ్లు పచ్చబడితే నంద్యాలలో ఒక ప్రైవేటు మెడికల్ కాలేజీ ఆస్పత్రిలో చేర్చాం. పేరెందుకు లెండి. అక్కడ డాక్టరు చదువు, ఆ పైన ఎండీ కూడా అయిపోయినవాళ్లు మళ్లీ మూడేళ్లు కూర్చుని కడుపు, పేగులు, కాలేయం, ఇవి మాత్రమే చదువుతారు. చివర్లో పెద్ద పరీక్ష ఉంటుంది. వేరే ఊళ్ల నుంచి వచ్చిన ప్రొఫెసర్లు ఒక రోగిని పడుకోబెట్టి, ఈయన్ను అడిగి, చేత్తో చూసి, జబ్బేమిటో చెప్పమంటారు. సరిగ్గా చెప్పినవాడు స్పెషలిస్టు. చెప్పలేనివాడు ఆరు నెలలాగి మళ్లీ రావాలి. అందుకని ఆ కాలేజీ వాళ్లకు ఎప్పుడూ ఒకటే వెతుకులాట, జబ్బు చక్కగా చేతికి తగిలే మనిషి కోసం.

ఆ విభాగానికి పెద్ద పార్థసారథి గారు. ఆయన మామ కడుపు మీద చెయ్యి పెట్టి కాసేపు కళ్లు మూసుకున్నారు. ఇక ఆశ లేదేమో అనుకుని మా అత్తమ్మ నాగేశ్వరమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. ఆయన కళ్లు తెరిచి, చుట్టూ ఉన్న శిష్యులతో, ఇలాంటి మంచి కేసు దొరకడం మీ అదృష్టం అన్నారు. కాలేయం గట్టిపడి కుంచించుకుపోయింది. ప్లీహం బొడ్డు దాకా దిగింది. ఒకపక్క తడితే నీళ్లు రెండోపక్క చేతికి తగులుతున్నాయి. అన్నిటికన్నా గొప్ప సంగతేమిటంటే మామ జన్మలో సారా ముట్టలేదు. వెనకటి రోజుల్లో ఊరందరికీ ఒకే సూది పొడిచేవాళ్లు కదా, అలా అంటుకున్న వైరస్ అది. తాగకుండా కాలేయం చెడిన మనిషి పరీక్షకు బంగారమట. ఊళ్లోవాళ్లు మాత్రం చాటుగా తాగుతాడనే ఇప్పటికీ నమ్ముతారు.

మందులిచ్చి పంపించారు. వాపు తగ్గింది. మనిషి పొలం పనులు చూసుకునేంత తేరుకున్నాడు. ఆ తర్వాత పరీక్షల కాలం వచ్చింది, మా ఇంటి ముందుకు కాలేజీ జీపు వచ్చింది.

ఆ జీపే మామను చెడగొట్టింది. అంతవరకు ఆర్టీసీ బస్సులో నిలబడి పోయిన మనిషి ముందు సీట్లో కూర్చుని పోయాడు. అక్కడ ఆయనకు వేరే గది, ఇడ్లీ, కాఫీ, మధ్యాహ్నం భోజనం, వచ్చేటప్పుడు ఒక కొత్త టవలు. పెద్ద పెద్ద డాక్టర్లు చేతులు రుద్దుకుని వెచ్చజేసుకుని మరీ ఆయన్ను ముట్టుకున్నారు. అప్పటినుంచి ఏ పరీక్ష వచ్చినా మామే. శిరివెళ్ల దగ్గర టీ కోసం జీపు ఆపితే, తెలిసినవాళ్లెవరన్నా యాడికి పోతాండావని అడిగితే, పరీక్షకు పోతాండా అనేవాడు. ఏం పరీక్ష అని వాళ్లు అడగాలి, ఆయన చెప్పాలి, అంతలో డ్రైవరు హారన్ కొట్టాలి. రచ్చబండ దగ్గర ఆయన మాటే చెల్లేది, ఎందుకంటే డాక్టర్లను పాసు చేయించేది ఆయన కదా.

నిజంగానే పాసు చేయించేవాడు. ఎప్పుడు ఊపిరి పీల్చాలో, ఎంతసేపు బిగబట్టాలో, ఏ పక్కకు ఒత్తిగిల్లాలో ఎవరూ చెప్పక్కరలేదు. జబ్బు కథ మొదటినుంచి చివరి దాకా వరస తప్పకుండా అప్పజెప్పేవాడు. మా బడిలో ఆ మాత్రం అప్పజెప్పే పిల్లలు నాకు లేరు. ఎవరైనా తడబడితే, ప్లీహం ఉన్నవైపు కళ్లతో సైగ చేసేవాడు. ఆ సైగ అందరికీ దక్కేది కాదు. చేతులు చల్లగా ఉన్నవాళ్లకు, పేరు అడక్కుండా చొక్కా ఎత్తినవాళ్లకు సైగ లేదు. వాళ్లు ఆరు నెలలు ఆగాల్సిందే.

ఇక్కడిదాకా నాకూ నవ్వుగానే ఉండేది. నవ్వు పోయింది మాత్రల దగ్గర. కడుపులో నీరు తగ్గడానికి ఆయన రోజూ మాత్రలు వేసుకోవాలి. వేసుకుంటే నీరు తగ్గుతుంది. నీరు తగ్గితే పరీక్షలో ఏం చూపించాలి? ఒకసారి పార్థసారథి గారు నవ్వుతూ, పరీక్ష దాకా కాస్త కడుపు ఉండేటట్టు చూసుకో నరసింహులూ అన్నారట. ఆయన నవ్వులాటకు అన్నారో, నిజంగానే అన్నారో ఆయనకే తెలియాలి. మామ మాత్రం శాసనంలా పట్టుకున్నాడు. పరీక్ష తేదీ తెలియగానే మాత్రలు అటకెక్కేవి. బండలాగుడు పోటీలకు ఎద్దును తయారుచేసినట్టు కడుపును తయారుచేసేవాడు. పోటీ రోజుకు ఆయాసం, కాళ్ల వాపు, నడిస్తే రొప్పు. అత్తమ్మ తిట్టేది, ఏడ్చేది, మాత్ర పప్పులో కలిపి పెట్టేది. ఆయన చేదు కనిపెట్టి కంచం నెట్టేసేవాడు. జబ్బు నయంచేయడం నేర్చుకునేవాళ్ల కోసం ఈయన జబ్బును పెంచుకోవడం ఏమిటో నా బుర్రకు ఎక్కేది కాదు. ఆ మాట ఆయనతో అంటే, నీకు తెలియదులే టీచరమ్మా అనేవాడు.

ఇంకో విడ్డూరం. ఇలాంటి కాలేయం ఉన్నవాళ్లకు అందులో గడ్డ పుట్టే భయం ఉంటుందనీ, ఆరు నెలలకోసారి స్కాన్ తీయాలనీ నేను ఫోన్లో చదివాను. ఎప్పుడన్నా తీశారా అని అక్కడి డాక్టర్లను అడిగాను. చదువుకుంటున్న డాక్టర్లు, పెద్దసారు చూసుకుంటారు కదా అన్నారు. పెద్దసారు, పిల్లలు తీయించే ఉంటారే అన్నారు. పరీక్షలో ప్రతిసారీ చూపించేది మొదట్లో తీసిన స్కానే. అది చాలా అందంగా వచ్చిందట, దాన్ని మించింది మళ్లీ రాదట. ఇన్ని చేతులు పడిన కడుపు ఈ జిల్లాలో ఇంకొకటి లేదు, అయినా దాన్ని చూసినవాడు లేడు.

ఈ ఉగాది తర్వాత మామ కుడిపక్కకు తిరిగి పడుకోవడం మానేశాడు. కూర్చుని లేచేటప్పుడు ఛాతీ కింద చెయ్యి అడ్డం పెట్టుకుంటున్నాడు. అన్నం సగంలో వదిలేస్తున్నాడు. నొప్పిగా ఉందా అని అత్తమ్మ అడిగితే లేదన్నాడు. నేను అడిగితే కసిరాడు.

"నా కేసులో నొప్పి ల్యా. ఎన్నిసార్లు చెప్పాల?"

ఆయన ఉద్దేశం నాకు తర్వాత అర్థమైంది. ఆయన అప్పజెప్పే కథలో, నొప్పి ఉందా అన్న ప్రశ్నకు లేదన్నదే జవాబు. ఇన్నేళ్లుగా అందరూ అదే రాసుకుని పాసయ్యారు. ఇప్పుడు కొత్తగా నొప్పి వచ్చిందంటే కథ చెడిపోతుంది. కథ చెడిపోయిన కేసును ఎవరు పిలుస్తారు? నాకు ఆయన మీద ఎంత జాలి కలిగిందో అంత ఒళ్లు మండింది.

ఆ ఎండాకాలం పరీక్షకు నేను కూడా జీపులో వెళ్లాను. మా ఆయన సందీప్ ట్రాక్టరు మీద మిడుతూరు దాకా బాడుగకు పోయాడు. బడికి సెలవులు. మామ మెట్లెక్కలేక రెండుచోట్ల ఆగాడు. పరీక్ష గదిలో గుడ్డ తెర వెనక నాకు ఒక స్టూలు వేశారు, మాట్లాడకూడదన్నారు.

మొదట వచ్చిన డాక్టరు పేరు మైథిలి. మామ ప్రతి ఒక్కరినీ ముందు ఊరు అడిగేవాడు. ఆమెది అహోబిలం. తండ్రి గుడిలో అర్చకుడు, ఉల్లిపాయ కూడా గడప దాటని ఇల్లు. పేగుల్లోకి గొట్టం పంపి చూసే చదువు చదువుతోందని, సెలవులకు పోయినప్పుడు నాయనమ్మ ఆండాళమ్మ ఆమెకు తలస్నానం అయ్యేదాకా వంటింట్లోకి అడుగు పెట్టనిచ్చేది కాదట. ఇదంతా విని మామ నవ్వాడు. ఆమె చేతులు వెచ్చగా ఉన్నట్టున్నాయి, సైగ దక్కే మనిషే అనుకున్నాను.

కథ అప్పజెప్పాడు. ఆమె రాసుకుంది. చూడటం మొదలుపెట్టింది. తెర సందులోంచి నాకు ఆయన ముఖం కనిపిస్తోంది. ఆమె చెయ్యి ఎడమపక్క ప్లీహం మీద ఉన్నంతసేపు ఆయన హాయిగా ఉన్నాడు. ఛాతీ కిందకు రాగానే దవడ బిగించాడు. ఆమె చెయ్యి అక్కడే ఆగింది. కొంచెం లోపలికి ముంచింది. ఆయన నుదుటి మీద చెమట పట్టింది.

"ఈడ నొప్పుందా పెద్దాయనా?"

"లేదమ్మా."

"ముఖం అట్ల పెడ్తాండావే."

"నా ముఖమే అంత. నువ్వు ఎడమపక్క చూడు తల్లీ, ఆడుండాది నీకు కావాల్సింది."

ఆమె ఎడమపక్కకు పోలేదు. అక్కడే మళ్లీ చూసింది, ఇంకోసారి చూసింది. గంట కొట్టారు. పార్థసారథి గారూ, బయటి ఊరి నుంచి వచ్చిన ఇద్దరు ప్రొఫెసర్లూ వచ్చి నిలబడ్డారు. ఆమె అన్నీ చెప్పింది, కాలేయం, ప్లీహం, నీళ్లు, వైరస్. పార్థసారథి గారు తలూపుతూ ఉన్నారు. అంతటితో ఆపి ఉంటే ఆ రోజే స్పెషలిస్టు అయ్యేది. ఆపలేదు. ఛాతీ కింద నిమ్మకాయంత గట్టి గడ్డ తగులుతోందనీ, నొక్కితే నొప్పి ఉందనీ, అది క్యాన్సర్ ఏమోనని అనుమానమనీ చెప్పింది.

పార్థసారథి గారి తల ఊగడం ఆగింది. ఈ కేసు తనకు ఏళ్లుగా తెలుసుననీ, గడ్డ లేదనీ మిగతా ఇద్దరికీ ఇంగ్లీషులో చెప్పారు. అందమైన పాత స్కాన్ ఎత్తి చూపించారు. బయటి ప్రొఫెసర్లలో ఒకాయన మంచివాడిలా ఉన్నాడు, రోగినే అడుగుదాం అన్నాడు. వంగి మామను అడిగాడు, అక్కడ నొక్కితే నొప్పిగా ఉందా అని.

మామ పార్థసారథి గారి వైపు చూశాడు. లేదు సార్ అన్నాడు.

నేను స్టూలు మీంచి లేచాను. మాట్లాడొద్దన్నారని కూర్చున్నాను. ఆ కూర్చోవడం తలచుకుంటే నాకిప్పటికీ చిరాకే. రోగి లేదన్న నొప్పిని, పెద్దసారు లేదన్న గడ్డను కల్పించి చెప్పినందుకు మైథిలి ఆ సాయంత్రం ఫెయిలైంది. ఎడమపక్క చూసి వెళ్లిన మిగతావాళ్లందరూ పాసయ్యారు.

జీపు ఎక్కబోతుంటే ఆమె వచ్చింది. ఏడ్చినట్టు కళ్లు ఎర్రగా ఉన్నాయి గానీ గొంతు మామూలుగానే ఉంది. మామతో ఒక్క మాటా అనలేదు. నన్ను పక్కకు పిలిచి, వేరే చోటైనా సరే, రేపే స్కాన్ తీయించమంది. నా పరీక్ష సంగతి వదిలెయ్యక్కా, నా చేతిని మాత్రం నమ్ము అంది.

మామను స్కాన్‌కు ఒప్పించడం ఎలాగా అని నేను దారిపొడుగునా ఆలోచిస్తూనే ఉన్నాను. అంత శ్రమ అక్కర్లేకపోయింది. ఆయనకూ లోపల గుచ్చుకుంటూనే ఉంది. తన కడుపు మీద ఫెయిలైన మంచి డాక్టరు ఇంతవరకు లేరు. ఆ పాప పొరబాటు పడిందని రుజువైతే తన మనసు తేలికపడుతుంది. కాబట్టి తన కేసులో గడ్డ లేదని నిరూపించడానికి, తెల్లారే ఇస్త్రీ చొక్కా వేసుకుని నంద్యాలలో స్కాన్ సెంటరుకు బయలుదేరాడు. నేనూ అత్తమ్మా వెంట పోయాం. టోకెన్ తీసుకుని బెంచీ మీద కూర్చోమంటే నొచ్చుకున్నాడు. స్కాన్ తీసే డాక్టరుకు, ప్లీహం యాడుందో చూపిస్తా అని సాయం చేయబోయాడు.

గడ్డ ఉంది. ఆమె చెప్పిన చోటే ఉంది. ఆ డాక్టరు నెమ్మదిగా చెప్పాడు, మామ విన్నాడు. తర్వాత బెంచీ మీద చాలాసేపు టవలు మడతలు పెడుతూ కూర్చున్నాడు. నేను ధైర్యం చెప్పబోయాను. ఆయన వినడం లేదు. చివరికి, ఆ పాప పరీక్ష నేను పోగొట్టినానే అన్నాడు. తన సంగతి ఆయన తలకు ఇంకా ఎక్కలేదు.

అక్కడినుంచి నేరుగా పార్థసారథి గారి గదికి పోయాం. ఆయన కొత్త స్కాన్ దీపానికి ఎదురుగా పట్టుకుని నిలబడినవారు అలాగే కుర్చీలో కూలబడ్డారు. పెద్దమనిషి, నటించలేదు. మైథిలిని పిలిపించి అందరి ముందూ క్షమాపణ చెప్పారు. మార్కులు మాత్రం యూనివర్సిటీకి వెళ్లిపోయాయి, మార్చడానికి లేదు, ఆరు నెలలు ఆగి మళ్లీ రాయాల్సిందే. గడ్డ సంగతికొస్తే, ఇంకా చిన్నదే. హైదరాబాదులో రక్తనాళం గుండా మందు పంపి దాన్ని మాడ్చేస్తారు. ఈ నెలలోనే వెళ్తే దారుంది, జాప్యం చేస్తే లేదు. ఫోన్ చేసి ఏర్పాటు చేస్తానన్నారు. అంతా చెప్పి మామను బల్ల మీద పడుకోమని, మొదటిరోజు లాగే కడుపు మీద చెయ్యి పెట్టారు. ఈసారి ఛాతీ కింద పెట్టారు. కాసేపు అలాగే ఉండి, ఎవరితోనో కాదు, తనలో తాను అనుకున్నట్టు, ఇంత స్పష్టంగా చేతికి తగలడం చాలా అరుదు అన్నారు.

ఆ మాట మామ చెవిన పడింది. ఆయన ముఖం నేను చూశాను. ఇంతవరకు బెంచీ మీద కూర్చున్న ముసలాయన పోయి, జీపు ముందు సీట్లో కూర్చునే మనిషి తిరిగొచ్చాడు.

"సార్, అట్లయితే దీన్ని పరీక్ష దాకా ఉండనీండి. ఆ పాపకు మళ్లా నన్నే పెట్టండి. ఈసారి నొప్పుండాదని నేనే చెప్తా."

అత్తమ్మ గోడకు చేరగిలబడింది. నేను పార్థసారథి గారి వైపు చూశాను, ఆయన వెంటనే కాదంటారని. అనలేదు. ఆలోచించారని నేను నింద వేయను. కానీ వెంటనే అనలేదు. చెయ్యి ఇంకా గడ్డ మీదే ఉంది. నేను కోపంతో నోరు తెరిచాను కూడా. అంతలో మైథిలి బల్ల దగ్గరికి వచ్చింది. ఆరు నెలలు కళ్ల ముందే పోగొట్టుకున్న పిల్ల. ఆయన అడిగింది ఒప్పుకుంటే వచ్చే పరీక్ష తేలిగ్గా పాసయ్యేది.

"పరీక్షకు గడ్డ ఉంటాది పెద్దాయనా," అంది. "నువ్వుండవు."

పార్థసారథి గారు చెయ్యి తీసేశారు. మామ కప్పు వైపు చూస్తూ పడుకున్నాడు. ఆయన చావు గురించి ఆ గదిలో, ఆ ఆస్పత్రిలో, ఇన్నేళ్లలో ఎవరూ ఆయనతో మాట్లాడలేదు. ఆయన గురించి మాట్లాడారు, ఆయన కాలేయం గురించి పుస్తకాల్లో వేసేంత మాట్లాడారు. ఆయన చెయ్యి ఛాతీ కిందకు పోయి గడ్డను వెతుక్కుంది. భయపడ్డాడు. ఆ భయం చూసి నాకు ప్రాణం లేచొచ్చింది, ఎందుకంటే భయపడినవాడు మందు తింటాడు.

మరి నీ పరీక్ష అన్నాడు, సన్నగా. ఇంకొకరి కడుపు దొరుకుతుందిలే అంది మైథిలి. కుర్చీ లాక్కుని ఆయన తల పక్కన కూర్చుంది. కాగితం గానీ పెన్ను గానీ తీయలేదు. ఎట్లుంది అని అడిగింది.

మామ అలవాటుగా మొదలుపెట్టాడు. కొన్నేళ్ల కిందట కాళ్ల వాపుతో మొదలయ్యిందమ్మా, తర్వాత కడుపు ఉబ్బింది, వాంతులు లేవు, నొప్పి...

అక్కడ ఆగాడు. ఆమె తొందరపెట్టలేదు.

"నొప్పుండాది," అన్నాడు. "ఉగాది కాణ్ణించి ఉండాది. కూడు తింటే పొడుస్తాది. ఈ పక్కకు తిరిగి పడుకోలేకుండాను. మా ఆడమనిషికి చెప్తే ఏడుస్తాదని చెప్పలా. మీకు చెప్తే పిలవరని చెప్పలా."

అత్తమ్మ ఏడ్చింది. మైథిలి ఆయన చెప్పేది అడ్డం రాకుండా వింది, ఇంకా ఏముంది అని అడిగింది, ఆయన ఇంకా చెప్పాడు. చెప్పేకొద్దీ వరస తప్పింది, ముందుది వెనక, వెనకది ముందు, మధ్యలో పసుపు తవ్వకం సంగతి కూడా వచ్చింది. పార్థసారథి గారు మా వెనకే నిలబడి ఉన్నారు. ఈ కేసు ఏళ్లుగా తెలుసునన్న మనిషి, శిష్యురాలి భుజం మీదుగా వంగి వింటున్నారు. ఆయనకూ అదంతా కొత్తే.